తరుగు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు వెనక
నా షాపుకి పేరు లేదు, తలుపు మీద స్క్రూడ్రైవరు బొమ్మ ఉంది.
జూన్ మధ్యాహ్నం, కరెంటు వచ్చిన పది నిమిషాలకి
మండీ గుమస్తా పెంచలనరసింహం
సీపీయూని గోనెపట్టాలో చుట్టి చంకన పెట్టుకొచ్చాడు.
బల్లమీద దించితే రెండు ఎండు నిమ్మాకులు రాలాయి.

"నెల్లూర్లో కొత్త విండోస్ ఎక్కించినారు మ్మా.
అప్పట్నించీ చోటు లేదంటా ఉండాది.
అయిదొందల జీబీ అని కొన్యాం, నూట ఇరవయ్యే చూపిస్తా ఉండాది.
మిగతాది యాడికి పోయినట్టు?"

మూత విప్పాను. దుమ్ము, చీమలబారు, పాత పులుపు వాసన.
అయిదొందల్లో ముప్పై అయిదు ముందే లేదన్నాను.
అమ్మేవాడు వెయ్యిని వెయ్యిగానే లెక్కేస్తాడు,
మిషను ఇంకో ఇరవై నాలుగు వేస్తే గాని ఒప్పుకోదు.
"అంటే తరుగు!" అన్నాడు నరసింహం,
పరాయి ఊళ్ళో బంధువు ఎదురైనట్టు.
"బస్తాకి నాలుగు కిలోలు మేం తీసినట్టు."
తీసినట్టే, అన్నాను.

పాత విండోస్ చావలేదు.
కొత్తది దాన్ని ఒక ఫోల్డరులో కుక్కి, పైన ఎక్కి కూచుంది.
ముప్పై ఒక్క జీబీ. తుడిచేశాను.
అది జేబు దులిపితే పడ్డ చిల్లర,
పోయిన సొమ్ము అది కాదు.

డిస్కు పటం తెరిచాను.
పక్కపక్కన రెండు గళ్ళు.
ఒకదాని నెత్తిన సీ.
రెండోదాని నెత్తిన ఏమీ లేదు.
మూడు వందల నలభై అయిదు జీబీల చోటు,
రోగం రొష్టూ లేకుండా,
పిలిచేవాళ్ళు లేక అట్టా కూచుని ఉంది.
ఎక్కించిన పిల్లాడు దానికి అక్షరం ఇవ్వడం మరిచాడు.
అంతే.

అక్షరమంటే తరగనిదని
బళ్ళో తెలుగు అయ్యవారు చెప్పిన రోజు
నేను కిటికీలోంచి లారీలు లెక్కపెడుతున్నాను.
ఇప్పుడు, టీ అని ఇచ్చాను. నొక్కాను.
వచ్చింది.

అందులో పాత గుమస్తా చెంచయ్య లెక్కలు.
మండీ బిల్లులు కావు, వేరే.
ఏడాదికో ఫైలు, పదకొండేళ్ళు.
ఊరు, రైతు, బస్తాలు,
కాటా చూపిన బరువు, చీటీలో రాసిన బరువు,
చివరి గడి పైన, అక్షరదోషంతో, "తరగు".
ఎందుకు రాసుకున్నాడో. ఏ రోజు ఎవరికి చూపిద్దామనో.

నరసింహం చాయ్ చెప్పొస్తానని వెళ్ళాడు.
వేరేవాళ్ళ ఫైళ్ళలో వెతక్కూడదు, అది నా వృత్తి ధర్మం.
వెతికాను.

విరువూరు. దువ్వూరు శీనయ్య.
మా నాయన.
పదకొండు బస్తాలు. కాటా ఎనిమిది వందల అరవై రెండు,
చీటీ ఎనిమిది వందల పద్దెనిమిది.
ఆ రోజు ధర కిలో ఏడు రూపాయలు.
తరుగు తీస్తారని నాయనకి తెలుసు, మార్కెట్టుకంతా తెలుసు,
ఎంతో రాసిపెట్టినవాడే ఒక్కడు.
ఆ ఏడు మూడు వందల ఎనిమిది రూపాయలకి
మా ఇంట్లో ఏం ఆగిపోయిందో గుర్తు తెచ్చుకోబోయాను.
గుర్తు రాలేదు.
ఆ ఏడు అన్నీ ఆగినాయి.

రెండు గ్లాసులతో నరసింహం వచ్చాడు.
"దొరికిందా?"
దొరికింది.
"చెత్త ఉంటే తుడిచెయ్యమన్నాడు షావుకారు."
చెత్త లేదన్నాను.

బిల్లు రాశాను.
లేబరు, మూడు వందల యాభై.
కింద ఇంకో వరుస, మూడు వందల ఎనిమిది.
"ఇదేందమ్మా?"
తరుగు, అన్నాను.

అతను తెర వంక చూశాడు, నా వంక చూశాడు,
టీ అనే అక్షరం దగ్గర కాస్త ఆగాడు.
తర్వాత జేబులోంచి నోట్లు తీసి
మూడు సార్లు లెక్కపెట్టాడు.