కాలి బొటనవేలు

కోరుట్లలో నేను కిరాయికున్న ఇంట్లో
మధ్యాహ్నమంతా కత్తెర చప్పుడు.
లసుమవ్వ తునికాకు మీద రేకు ఫర్మా పెట్టి
నాలుగు పక్కలా కోస్తుంది.
ఒడినిండా గళ్లు.
ఏ గడిలోనూ బొమ్మ లేదు.

బడి లైబ్రరీకి కొత్తగా వచ్చిన బొమ్మల నవల
ఆ రోజు నా సంచిలో ఉంది.
తొమ్మిదో తరగతికి చెప్పాలని రెండుసార్లు చదివాను.
పెన్సిల్‌తో అంచున రాసుకున్నాను కూడా:
ఇతివృత్తం, పాత్రలు, నీతి.

"ఏం బుక్కు సారూ గది, అన్ని కిటికీలే ఉన్నయి?"
చేతులు కొంగుకు తుడుచుకుని అడిగింది.
తంబాకు వాసన అంటుతుందేమోనని
ఒక్క క్షణం వెనకాడిన మాట నిజం.
ఇచ్చాను.
కథ చెప్పబోతే
"నువ్వాగు" అంది.

తెల్లవారకముందే పత్తి బండ్లు,
ఏనుమాముల లాంటి ఒక యార్డు.
చలికి ముడుచుకున్న రైతు, పక్కన ఎనిమిదేళ్ల పిల్ల.
కాంటా దగ్గర నవ్వుతూ గుమస్తా,
అతని నోటి పక్కన బుడగ,
బుడగనిండా తియ్యటి మాటలు.
నేను చదివింది ఆ మాటలే, రెండుసార్లూ.

ఆకు కోసి కోసి గీతలు పడ్డ ఆమె వేలు
గడి మీదుగా గడికి నడిచింది.
మధ్యలో ఉన్న తెల్లటి సందులో
కడప దాటేముందు ఆగినట్టు ఆగింది.
"ఈడ ఏమైందో గియ్యలే."
ఏమైందంటావు?
"ఏమైతది. పొద్దెక్కింది, పోరికి ఆకలైంది.
అయ్య జేబుల చెయ్యి పెట్టి
మల్ల తీసిండు."
తర్వాతి గడిలో పిల్ల చాయ్ పొయ్యి వైపు చూస్తోంది.
నేనెప్పుడూ ఆ సందులో నిలబడలేదు.

పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది.
"సారూ, గీ కాలు సూసినవా?"

ఏ కాలు?
గడి అడుగున, బియ్యపు గింజంత,
కాంటా బల్లను కిందినుంచి
మెల్లగా పైకెత్తుతున్న బొటనవేలు.
దానికి బుడగ లేదు.
ఒక్క అక్షరం లేదు.

"కొనేటోడు లేపుతడు,
ఇచ్చేటోడు తొక్కుతడు" అంది, మామూలుగా,
వాన వస్తదన్నట్టు.
"మా మున్షీ తంబాకు జోకేటప్పుడు
చిటికెనేలు పెడతడు. ఉంగరం ఉన్న ఏలు."

అప్పుడు మొదటినుంచీ చూశాను.
రెండో పేజీ నుంచే పిల్ల తల వంచి ఉంది.
నిద్రమత్తు అనుకున్నాను నేను.
ఆ పిల్ల చూపు ప్రతి గడిలో
అక్కడికే, ఆ వేలి దగ్గరికే.

చివరి పేజీలో, గీతల పెట్టెలో నీతి.
"ఏం రాసిండ్రు?"
చదివాను: మోసం ఏనాటికైనా బయటపడుతుంది.
లసుమవ్వ నవ్వింది, దగ్గు వచ్చేదాకా.
"ఉత్తగనే ఎట్ల పడుతది సారూ?
పోరి సూసింది గన్క పడ్డది.
గీసినోడు జెప్పిండు.
రాసినోడు జెప్పలే."

ఆ రాత్రి రబ్బరు వెతికి
అంచున రాసుకున్నది చెరిపాను.
'నీతి' దగ్గర బాగా నొక్కి రాశానేమో,
ముద్ర పోలేదు.

శనివారం ఆమె కార్ఖానకు పోయి వచ్చింది.
ఏమైందని నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.
పోయిన దానికీ వచ్చిన దానికీ నడుమ
తెల్లగానే ఉంది.
తర్వాతి గడిలో
తంబాకు మూట చంకనుంచి దించి,
దారం కట్టిన కత్తెర తీసుకుని,
గోడవైపు కాకుండా
ఈసారి వాకిలివైపు తిరిగి కూర్చుంది.