కాకిబంగారం

సైదాపురంలో మెరుపుకి కరువు లేదు.
గొడ్డు పేడలో మెరుపు, పిల్లకాయల జుట్టులో మెరుపు,
సద్దిలో పంటికి తగిలితే తుప్పున ఊసేవాళ్ళం.
కంపెనీ బోర్డు మీద అభ్రకం అని రాసింది నేనే,
నోటితో మాత్రం కాకిబంగారమే.

గనిలోంచి పచ్చటి దిమ్మ పైకొచ్చేది
తడిసి అతుక్కుపోయిన తాటాకుల కట్టలాగా.
షెడ్డు కింద మస్తానమ్మ కాళ్ళు చాపి కూర్చొని
కత్తిమొన ఆనించి, ఊపిరి బిగబట్టి,
ఒక్కో పొరా లేపేది.
మందం కొలిచే సాధనం ఆఫీసు బీరువాలో ఉండేది.
ఆమెకు బొటనవేలు చాలు.

సగం పొరలు ఎడమ పెట్టెలోకి, సగం కుడి పెట్టెలోకి.
ఎడమది అమెరికాకు, కుడిది రష్యాకు.
అక్షరానికొక రేకు అచ్చు. దాని మీద నల్లరంగు పూసి
ఊళ్ళ పేర్లు దించడం నా పని.
ఒకసారి రష్యా అచ్చుల్లో ఆర్ తిరగబడి ఉంది.
తప్పనుకొని సరిచేశాను, నలభై పెట్టెలకు.
మేనేజరు శేషగిరి కొట్టినంత పనిచేశాడు:
"వాళ్ళకు అదే తిన్నగా ఉంటే నీకేందిరా నొప్పి!"

ఆ రెండు దేశాలకూ పడదని పేపర్లో చదివి ఆమెకు చెప్పాను.
రేడియోల్లో, విమానాల్లో,
ఒకరి విమానాన్ని ఒకరు కనిపెట్టే యంత్రాల్లో
ఈ పొరే పెడతారంట అన్నాను.
"ఇద్దరి దాంట్లోనూ నాదేనా?"
"ఇద్దరి దాంట్లోనూ."
"ఒకే దిమ్మ గదా, ఇంగ కొట్లాట దేనికి" అని
వక్క నోట్లో వేసుకుంది.

యాడో యుద్ధమంటే ఇక్కడ కూలి పావలా పెరిగేది.
సంధి అనే మాటకే భయపడేవాళ్ళం.
చెప్పుకోడానికి సిగ్గే గానీ,
ఒక ఏడు వాళ్ళిద్దరూ రాజీపడకూడదని
పోలేరమ్మకు కోడిని మొక్కుకున్నాను.
అమ్మ విన్నదో, కోడి చాల్లేదో.

తర్వాత ఏదో వేరే సరుకు కనిపెట్టారంట, చవగ్గా.
ఆ తర్వాత రష్యా పదిహేను ముక్కలైందని వార్త.
కుడి పెట్టెలు పన్నెండు గోడౌనులోనే ఉండిపోయాయి.
ఒకటి మా ఇంట్లో ఉంది, వడ్లు పోసుకుంటాం.
దాని మీద ఇప్పుడు లేని దేశం పేరు,
ఆర్ తిరగబడే ఉంది, సరిగ్గా.

గనుల్లో నీళ్ళు నిండి గేదెలు ఈదుతున్నాయి.
ఇప్పుడంతా తెల్లరాయి కాలం.
అప్పట్లో పనికిరాదని దిబ్బలు పోసిన రాయే,
దాని నీడనే సద్ది తాగేవాళ్ళం.
రాత్రంతా లారీలు, రేవుకు, ఆపైన చైనాకంట.
అద్దమై, ఫోనై మళ్ళీ మన అంగట్లోకే వస్తదంట.
లారీ మీద పెట్టెలుండవు, పేరు రాసే పనీ లేదు.

మొన్న రేషను అంగడి దగ్గర మస్తానమ్మ
మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం.
కొంగుకు తుడిచి పెట్టింది. ఎర్రదీపం.
"వేలికి గీతల్లేవు అవ్వా, బియ్యం ఎట్టియ్యాల" అన్నాడు కుర్రాడు.
"ముప్ఫై ఏళ్ళు అరగదీశా నాయనా,
సగం అటు పోయినాయి, సగం ఇటు."
వాడికేం అర్థమౌతుంది.
చూపుడువేలు పెట్టమన్నాడు, నడిమివేలు, ఉంగరంవేలు.
వెనక వరస గొణుగుతోంది, అందులో నేనూ ఉన్నా.
చిటికెనవేలికి పచ్చదీపం వెలిగింది.
"ఇదెప్పుడూ పని చేసింది కాదులే" అని నవ్వి
సంచి నోరు తెరిచింది.