రెండోసారి ఏరుడు

ఏనుమాముల యార్డుల మిర్చి సీజను.
నేలంత ఎర్రగ, గాలంత కారం.
హమాలీలు తుమ్ముతరు, ఖరీదుదారులు తుమ్ముతరు,
రేకుల కింది పావురాలు గూడ ఒక్కపారి దులుపుకుంటయి.
నేను మాత్రం ఎడమ పక్కనే తుమ్ముత.
కుడి రంధ్రం షట్టరేసిన దుకాణం,
రెండేండ్ల సంది.

ముక్కు బాగలేదని గాదు.
బాగనే ఉన్నది, ఎవలిదో.
కొస మీద బట్టల క్లిప్పు పెట్టి
తీసుడు మరిచిపోయినట్టు.
రాత్రి పండుకుంటే సన్నగ ఈల వేస్తది.
పక్క మంచంల చెల్లె రజిత
"అక్కా, కుక్కర్ బంద్ చెయ్యి" అంటది నిద్రల.
నవ్వుత. నవ్వితే కొస కిందికి గుంజుతది,
అందుకని సగంల ఆపుత.

మొదటిపారి ఎందుకు చేయించుకున్ననో
తలా ఒకటి చెప్పిన.
ఎముక వంకరని అమ్మకు,
సైనస్ అని మా అడ్తి సేటుకు.
అసలు సంగతి, తొమ్మిదో తరగతిల
ఎవడో నల్లబల్ల మీద గీసిన గీత.
ఒక్క గీతే. కింద పేరు గూడ రాయలే.
క్లాసంత నా దిక్కు చూసిన్రు.
పద్నాలుగేండ్లు పైస పైస పోగేసి
హైదరాబాద్ పోయి
ఆ గీతను తుడిపిచ్చుకొని వచ్చిన.

మేనత్త కొమురమ్మ చూడనీకె వచ్చింది.
అదే ముక్కు, కొడవలి వంపు, ఎడమ పక్క బంగారు పుల్ల.
కట్లు ఊడిన నా మొకాన్ని చానసేపు చూసి
తన ముక్కును రెండు వేళ్లతోని పట్టుకొని
"ఇది నిన్నేమన్న అన్నదా బిడ్డా" అన్నది.
గంతే. చాయ తాగి పరకాల బస్సెక్కింది.
నా పెండ్లికి పుల్ల ఇస్తనన్న మాట
మళ్ల ఎత్తలే.

నిన్న నక్కలగుట్టల కొత్త డాక్టరు
లోపలికి టార్చి కొట్టి,
"దూలం ఎక్కువ చెక్కిన్రు" అన్నడు, వడ్లాయన లెక్క.
పక్కటెముక కాడ మెత్తటి ముక్క తీసి నిలబెట్టాలెనట.
రెండోసారి మొదటిసారి అంత అలక గాదట, లోపలంత గట్టిపడ్డదట.
"గాలైతే ఆడుతది. అందం సంగతి..."
అని చెయ్యి అటు ఇటు ఊపిండు.
ఆ ఊపుడు నాకు నచ్చింది.
మొదటాయన ఊపలే.
కంప్యూటర్ల నా మొకమే నాకు చూపిండు,
అది నవ్వుకుంట ఉండె, పూర్తిగ.

ఇయ్యాల పొద్దుగాల
శాయంపేట దిక్కు నుంచి మొగిలి చపాటా కాయ తెచ్చిండు.
ఖరీదుదారు బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు తీసి
"తాలున్నది" అన్నడు. ధర పడ్డది.
మొగిలి అమ్మలే. నేల మీద పట్టా పరిచి
మళ్ల ఏరవట్టిండు, ఒక్కొక్క కాయ.
"ఇంటికాడ ఏరిందే గద బాపూ?"
"ఏరిందే."
"మళ్ల ఏరితే ధర వస్తదా?"
"ఏమో. బరువైతే తగ్గుతది."
తల ఎత్తలే. ఏరుతనే ఉన్నడు.

ఒక కాయ తుంచి నా దిక్కు చాపిండు,
"నువ్వు చూడు బిడ్డా, ఇది తాలా?"
ఎడమ పక్కకు పెట్టుకున్న.
చపాటాకు ఘాటు తక్కువ,
ఎండల పెట్టిన టమాట లెక్క తియ్యటి వాసన.
కుడి పక్కకు పెట్టుకున్న.
పెట్టుకొని, అట్లనే నిలబడ్డ.
మొగిలి చెయ్యి చాపే ఉన్నది.
"తాలు గాదు" అన్న.

మధ్యాహ్నం కాంటా ఆగినంక
లెక్కల పుస్తకం ఎనక అట్ట మీద
రెండు లక్షల ఎనభై వేలు రాసి
దాని మీద నా చీటీ పైసలు రాసిన.
చిన్న అంకెల నుంచి పెద్ద అంకె పోదు.
నాలుగో తరగతి సారు చెప్పినట్టు
పక్కింటికి పోయి
ఒకటి అప్పు తెచ్చుకున్న.
పక్కింట్ల గూడ సున్న ఉన్నది.
దాని పక్కింటికి పోయిన.