బోర్ల పండిన ఇరవై నిమిషాలు

పర్కాల బస్సుల నిలవడి నిలవడి
నడుముల ఒక సీల పుట్టింది.
ఖాకీ కోటు కింద, ఎడమ దిక్కు.
ఆరో నెల పడ్డకాన్నుంచి
గేరు మారినప్పుడల్లా అది మలుసుకుంటది.
గూడెప్పాడు మలుపు వస్తాందని
నా కంటె ముందు దానికే ఎరుక.

డ్రైవర్ ఓదెలన్న అద్దంల చూసి
బ్రేకు మీద కాలు మెత్తగ పెడతడు.
జీరో టికెట్ల ఆడోళ్ళు జరిగి
"జర కూసో బిడ్డా" అంటరు.
కూసుంటె లేవరాదు.
ఆ సంగతి వాళ్ళకు చెప్పరాదు.

సీకేఎం దవాఖాన్ల డాక్టరమ్మ
బిడ్డ మంచిగున్నది, నొప్పి మామూలే అన్నది.
మామూలే.
ఆ మాట మీద కూసోరాదు, ఒరుగరాదు.

మల్లొకసారి పోయి, అడిగి, ఆమెతోనే చీటి రాయించుకొని
కిషన్‌పుర గల్లీల మందుల దుకాణం మీదికి
పదిహేడు మెట్లెక్కిన.
గోడ మీద వెన్నుపూస బొమ్మ,
దాని కింద తహసీన్ మేడం పేరు.
మా అత్త కొమురమ్మ చెప్పులిడువకుంటనే
కడప కాడ నిలబడ్డది:
"చిటుక్కుమనిపిస్తవా ఏంది? కడుపుతోటున్న పిల్ల."

మేడం నవ్వలే.
"చిటుక్కులు లేవమ్మా. చెయ్యి ఆనిచ్చుడే.
వద్దంటె అక్కడనే ఆపుత."
అప్పుడిడిసింది అత్త చెప్పులు.

బల్ల నడిమిట్ల ఒక గుంత.
కడుపు కోసం.
ఛాతి కింద దిండు, కాళ్ళ కింద దిండు,
నాలుగు నెలల తర్వాత
నేను బోర్ల పండిన.

నేల దిక్కు మొకం పెట్టి ఎన్ని దినాలాయె.
చిన్నప్పుడు ఎండకాలం పగటీలి
గచ్చు మీద గిట్లనే పండి
ఒక చెంప సల్లవడ్డంక ఇంకో చెంప మార్చేదాన్ని.
గుంతల బిడ్డ
ఉట్టిల పెట్టిన కుండ లెక్క
జరంత ఊగి, కుదురుకున్నది.

మేడం బొటనవేలు
నడుము కింది ఎముక కాడ ఆగింది.
ఒత్తలే. ఆగింది, అంతే.
అంగడిల తక్కెడ ముల్లు నిలిచేదాక
ఆగుతరు చూడుండ్రి, గట్ల.
"ఇక్కడనేనా?"

నాకు మాట రాలే.
ఏడు నెలల సంది
అందరు ఎన్నో నెల అనేటోళ్ళే,
ఎక్కడ అని అడిగినోళ్ళు లేరు.

ముక్కు కొస నుంచి రెండు సుక్కలు
తిన్నగ గచ్చు మీద పడ్డయి.
నొప్పికి కాదు.

అత్త చూసింది. ఏమనుకున్నదో,
"పోరగాళ్ళు బోర్ల పడితె బచ్చాలు చేస్తం గద మేడం,
మా ఇంట్ల తల్లే ముందుగాల పడ్డది."
మేడం గప్పుడు నవ్వింది.
రాత్రి ఇంట్ల శనగపప్పు నానుడు చూసిన.
నేనేం అడగలే.

సీల పోలే. వదులైంది.
వారానికి మల్ల బిగుస్తదని ఆమెనే చెప్పింది,
ఒక కాలు ఎత్తు మీద పెట్టి
మార్చుకుంట మార్చుకుంట నిలవడుమన్నది.

తెల్లారి ఫస్ట్ ట్రిప్పు.
సీటు కింది కడ్డీ మీద కాలు పెట్టి మిషన్ తీసిన.
చేపల గంప ముసలామె ఎక్కుకుంటనే అడిగింది:
"ఎన్నో నెల బిడ్డా?"
ఏడు, అన్న.
గంప దించి ఆమె
నడుము మీద చెయ్యేసుకొని నిలబడ్డది,
లేసేటందుకు కాదు, వంగినది నిటారైతందుకు.
ఎడమ దిక్కే.

"ఎక్కడ నొస్తాందవ్వా?"
టికెట్ కొట్టుడు మరిచి
అడిగిన.