తడిసి మోపెడు

కిటికీ తీస్తే ఆ హోటలు కనబడుతుంది.
వంటింటి పొగగొట్టం, వెనక గుమ్మంలో
సిగరెట్టు కాల్చే వంటమనిషి,
అతని ఎర్ర చెప్పులు కూడా.
మధ్యలో ఉన్నది ఒక సందు, ఒక కొండవాలు,
తొంభైనాలుగు రాతిమెట్లు,
మోకాలి దాకా నా పిండికట్టు.

బెర్గెన్‌లో నవంబరు.
వాన పడుతోందని ఇక్కడెవరూ అనరు.
పడకపోతేనే ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు.

చేపల సూపు ఒకటి,
నూటడెబ్బైతొమ్మిది క్రోనర్లు.
సరేనని వేలు ఆనించాను.

ముందు చిన్న ఆర్డరు రుసుము వచ్చింది, ముప్ఫై.
చిన్నదని ఎవరన్నారు?
ఒక మనిషికి గిన్నెడు సూపు చిన్నదేం కాదు.
ఎదురు కుర్చీలో ఎవరైనా ఉంటే
ఇదే పెద్ద ఆర్డరయ్యేది.
ఏడాదిగా నేను ఒక్క కంచమే కడుగుతున్న సంగతి
ఈ ఫోనుకి ఎవరు చేరవేశారో!

తర్వాత దూరం రుసుము, ఇరవైరెండు.
దూరమా?
ఆ వంటమనిషి తుమ్మితే నాకు వినబడుతుంది.

సేవకి తొమ్మిది. ఏ సేవో రాయలేదు.
సంచికి నాలుగు.
అన్నిటికన్నా కింద, ముద్దొచ్చే గొడుగు బొమ్మ పక్కన
వాతావరణ రుసుము, పందొమ్మిది.
ఈ ఊళ్ళో వానకి రుసుమంటే
ఊపిరికి రుసుమన్నట్టే.

కాగితం అందక
పెన్నుతో పిండికట్టు మీదే కూడాను.
త్వరగా లేచి రా అని ఆఫీసువాళ్ళు రాసిన చోట,
అక్క కూతురు గీసిన మూడుకాళ్ళ పిల్లి పక్కన,
రెండువందల అరవైమూడు.
సూపింకా గిన్నెలోకి దిగనేలేదు,
గుమ్మం దాటి చినుకు చూడనేలేదు,
లెక్క మాత్రం అప్పుడే తడిసి మోపెడయింది.

రద్దు చేద్దామనుకున్నా.
రద్దుకీ రుసుముంది.

తిట్టుకుందామంటే నోరు రాలేదు.
రేవులో సరుకు లెక్కలు రాసే గుమాస్తాని నేను.
ఇరవైరెండేళ్ళుగా ఎవరెవరి పెట్టెల కిందో
నిలవకింత, తూకానికింత, ముద్రకింత అని
చిల్లర చేర్చిన చెయ్యి ఇది.
విడివిడిగా చూస్తే
ఒక్కొక్కటీ న్యాయంగానే ఉండేది.

నలభై నిమిషాలకి మెట్ల మీద బూట్ల చప్పుడు.
తెరమీద అతని పేరు మెబ్రాతు.
శిరస్త్రాణం తీస్తే చెంబెడు నీళ్ళు గుమ్మంలో పడ్డాయి.
సంచి మాత్రం పొడిగా ఉంది,
కోటు లోపల పొట్టకి అదిమిపెట్టి
దొంగసొమ్ములా తెచ్చాడు.

ఉండబట్టలేక అడిగాను:
ఆ వానడబ్బు పందొమ్మిదీ నీకు వస్తుందా?

కొంచెంసేపు మా భాషలో మాటలు ఏరుకున్నాడు.
"వాన వస్తుంది" అన్నాడు.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఫిర్యాదేం కాదు,
"తొంభైఆరు మెట్లు" అన్నాడు.
తొంభైనాలుగు, దిద్దాను. అది నా వృత్తి.
"కింద విరిగినవి రెండున్నాయి.
మీరు లెక్కలో వేసుండరు."
ఆ రెండింటి మీదే పడ్డాను నేను.

సూపు గోరువెచ్చగా ఉంది. ఉప్పు తక్కువ.
ఉప్పుకి రుసుము వెయ్యడం మరిచిపోయారు కాబోలు.
కిటికీలోంచి చూస్తే
వాలు మీద ఒక దీపం, సైకిలు ఎక్కకుండా
నడిపించుకు పోతోంది.
ఎర్ర చెప్పుల వంటమనిషి తలుపేసుకున్నాడు.

కట్టు కోసేరోజు నర్సు అడిగింది,
ఈ అంకెలేమిటి, ఎవరి నంబరని.
సూపు, అన్నాను.
దాని కింద ఆ రాత్రి నేను రాసుకున్న రెండు మాటలు
ఆమె పైకే చదివింది, "వాన వస్తుంది,"
చదివి, అలవాటుగా కిటికీ వైపు చూసి
అవును, వస్తోంది అంది.
రంపం ఆ అంకెల మధ్యనుంచే పోయింది.
పిల్లి ఉన్న ముక్క ఇంటికి తెచ్చుకున్నా.