రెండు గీతల జాగా

ఫారంలో కారణం రాయడానికి
రెండు గీతల జాగా ఇచ్చారు.

కిటికీ పగలగొట్టాడు, అని రాయొచ్చు.
హ్యూ వాళ్ళ తాత గడియారం అమ్మేశాడు, అనీ రాయొచ్చు.
రెండూ నిజమే.
ఇంతకన్నా చిన్న నిజాలకే
పిల్లల్ని వెనక్కి పంపినవాళ్ళు ఈ డండీలో ఉన్నారు.

స్ట్రూవన్‌కి పధ్నాలుగేళ్ళు. మాది తొమ్మిదో ఇల్లు.
వచ్చిన రోజు బూట్లు విప్పలేదు.
మంచం మీదా వాటితోనే పడుకున్నాడు,
బస్టాండులో తెల్లవారుజాము బస్సు కోసం కునికేవాడిలా.

పై అరలోని కప్పు కోసం నేను చెయ్యెత్తితే
తల మోచేతుల్లో దాచుకున్నాడు.
అప్పట్నించీ మా కప్పులన్నీ
కింది అరలోనే.

దిండు గలీబులో బ్రెడ్డు ముక్కలు దొరికేవి, బూజు పట్టి.
నేనేమీ అనలేదు.
"ఎలకలొస్తాయిరా" అన్నాడు హ్యూ.
అంతే అన్నాడు.
వాడు మూడు రోజులు మాతో కూర్చుని తినలేదు.

శిక్షణ తరగతుల్లో సహనం గురించి చెప్పారు,
హద్దుల గురించి చెప్పారు.
మంచి రోజుల గురించి ఎవరూ హెచ్చరించలేదు.

మార్చిలో ఒక ఆదివారం
బ్రాటీ ఫెర్రీ ఒడ్డున చిప్స్ తింటున్నాం.
సముద్రపు కొంగ ఒకటి హ్యూ చేతిలోంచి చేపముక్క తన్నుకుపోతే
వాడు పడీ పడీ నవ్వాడు.
నవ్వుతూ నవ్వుతూ నా భుజానికి ఆనుకున్నాడు.
ఆనుకున్నానని తెలిసి
కర్రలా బిగుసుకుపోయాడు.

ఆ రాత్రే కిటికీ పగిలింది.

తర్వాత ఆరు వారాలు. రెండుసార్లు పోలీసులు.
నాలుగో సోషల్ వర్కర్, నాకు పేరు నోటికి పట్టేలోపే
సెలవు మీద వెళ్ళిపోయింది.
అర్ధరాత్రి దాటాక ఆ ఆఫీసులో ఫోనెత్తే దిక్కు లేదు.
హ్యూ గుండెకి ఒక మాత్ర కాస్తా మూడయ్యాయి.
వాడిది మాత్రం రోజూ ఒకటే ప్రశ్న,
నోటితో కాదు, తలుపులతో, పింగాణీ పళ్ళేలతో:
ఇప్పుడు పంపేస్తారా?
పోనీ, ఇప్పుడు?

చెయ్యెత్తితే వణికే పిల్లవాడి ముందు
చివరికి మేమే చేతులెత్తేశాం.

ఇరవై ఎనిమిది రోజుల గడువన్నారు.
నాలుగో రోజే కారొచ్చింది.
వాడు ఏడవలేదు.
పందెం గెలిచి, తీసుకోవడానికి ఏమీ లేనివాడిలా
నా వంక చూశాడు.

తలుపు దగ్గర కింద కూర్చుని
బూట్లు తొడుక్కున్నాడు.

అంటే, ఎప్పుడో విప్పాడన్నమాట.
ఏ రోజు విప్పాడో
నేను గమనించనేలేదు.

"కుదరలేదు" అని రాసి సంతకం పెట్టాను.
ఇంకా ఒక గీత
ఖాళీగానే మిగిలింది.