ఎర్రచుక్క

నెలకో పూట మీ గుమ్మంలో నిలబడేవాణ్ణి.
మీరు నన్ను చూడరు, నా చేతిలో మిషన్ని చూస్తారు.
అది కక్కిన కాగితం పట్టుకుని
"ఇంతొచ్చిందేంటి?" అని నన్నడుగుతారు,
రాత్రి నేనే గోడ దూకొచ్చి
మీ ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి పోయినట్టు.

పదిహేడేళ్ళు.
చిట్టినగర్, వించిపేట, కొండమీది ఇళ్ళు.
మెట్లు లెక్కపెట్టడం నేను మానేశాను,
మోకాళ్ళు మానలేదు.
అప్పట్లో మీటర్లో చక్రం తిరిగేది,
అంచు మీది మచ్చ తిరిగి తిరిగి వచ్చి పలకరించేది.
ఇప్పుడొక ఎర్రచుక్క,
జ్వరమొచ్చిన పిల్ల నాడిలా కొట్టుకుంటుంది.

చుక్కని చూసి చెప్పగలను లోపలేం జరుగుతోందో.
రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు,
ఏసీ పద్దెనిమిదిలో పెట్టి
దుప్పటి ముసుగేసుకున్న మూడో అంతస్తు.
ట్యాంకు నిండి గోడ వెంట నీళ్ళు కారుతున్నా
మోటారు కట్టని కింది వాటా.
తాళం వేసి ఊరెళ్ళినవాళ్ళింట్లో
టీవీ కింద కన్ను మూయని డబ్బా.

నాకెందుకు ఇదంతా?
నా జీతం మీ యూనిట్లని బట్టి రాదు.
కానీ మెట్లెక్కి, ఊపిరి కోసం ఆగి వెనక్కి తిరిగితే
పడమట ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు.
మా బావమరిది జోజి అక్కడే, బొగ్గు బెల్టు దగ్గర.
ముక్కు చీదితే చేతిరుమాలు బూడిదరంగు.
"మీరు ఏసీలేసుకుంటే మాకు డ్యూటీ మీద డ్యూటీ బావా" అని నవ్వుతాడు,
నవ్వు దగ్గయ్యేదాకా.

వించిపేట మలుపులో మస్తాన్‌బీ.
కుట్టుమిషను కిటికీ దగ్గరికి జరిపింది,
వెలుతురున్నంతసేపే కాజాలు.
ఎండలు ముదరకముందే డాబా మీద సున్నం,
పప్పు రాత్రే నానాలి, ఎసరు మీద మూత కదలకూడదు.
చలికాలమంతా పక్కింటాయనతో తగువు:
"నీ చెత్త తగలెట్టి నా ఊపిరితిత్తుల్లో పోస్తావేందయ్యా?"
బిల్లు చింపి ఇచ్చాను. అరవై ఒకటి.
మెచ్చుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఉన్నోళ్ళు చేస్తే పొదుపు.
మేం చేస్తే పీనాసితనం. ఏదో ఒకటి రాసుకో."

అప్పుడొచ్చింది మనవరాలు రిజ్వానా,
ఏడేళ్ళది, గౌను జేబులో నీలం ఇన్‌హేలరు.
నన్ను కాదు, నా వెనక్కి చూసింది.
"అంకుల్, నీ బండి ఎవరి కోసం తిరుగుతోంది?"

స్టాండు వేసి, ఇంజను ఆపకుండా,
ఒక్కో గుమ్మం దగ్గరా రెండు నిమిషాలేగా అని.
రోజుకి నూట ఇరవై గుమ్మాలు.
ఊరందరి లెక్కా రాసేవాణ్ణి,
ఈ లెక్క వెయ్యలేదు.
పదిహేడేళ్ళు
పిల్లల ముక్కు ఎత్తులో నా పొగగొట్టం.

ఇప్పుడు సందు మొదట్లోనే తాళంచెవి తిప్పుతాను, నడుస్తాను.
బెంజి సర్కిల్ సిగ్నల్లో ఇంజనాపితే
వెనక హారన్లు.
నిశ్శబ్దంగా ఆగినవాడి మీద జనానికెందుకో కోపం.
గీజరు స్విచ్చి కట్టేస్తుంటే మా ఆవిడంది,
"మన మీటరు కంటబడటానికి ఇన్నాళ్ళు పట్టిందన్నమాట."

పుష్యమాసం పొద్దున్న.
బ్యారేజీ మీద గేట్లు కనబడటం లేదు,
మంచో పొగో నాకూ తెలీదు.
మస్తాన్‌బీ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.
"యాభై ఏడు. నాలుగు తగ్గినై.
నాలుగంటే ఎంత?"

చెప్పలేకపోయాను. జోజిని అడిగాను.
వేళ్ళు మడిచి, విప్పి,
"ఇస్త్రీపెట్టె రెండుసార్లు నిండేంత బొగ్గు" అన్నాడు.
అంతేనా అన్నాను.
అంతే అన్నాడు, "కానీ అది మొయ్యాల్సింది నేను."

వచ్చే నెల ఆవిడకి చెప్పాలి.
లోపల రిజ్వానా ఎక్కాలు అప్పజెబుతోంది,
మధ్యమధ్య ఆగుతోంది గాలి కోసం.
బండి నెట్టుకుంటూ సందు దాటాను.